ఓస్తియా గడపలు

రోమ్‌లో చదువుకునే రోజుల్లో వరసగా రెండు రోజులు సెలవు దొరికితే చాలు, కొత్తగా వచ్చినవాళ్ళ నోట పాంపే మాటే. పాంపే గొప్పది కాదని ఎవరంటారు? కానీ నేపుల్స్ దాకా ఒక రైలు, అక్కణ్ణుంచి ఇంకో రైలు, దిగాక తిరనాళ్ళంత జనం. నెలాఖరుకి స్కాలర్‌షిప్ డబ్బులు అడుగంటినవాళ్ళకి దిక్కు ఓస్తియా ఆంతికానే. ఊళ్ళో బస్సెక్కే టికెట్‌తోనే వెళ్ళి రెండు వేల ఏళ్ళ నాటి రేవు పట్నంలో దిగొచ్చు. ఇన్నేళ్ళ తర్వాత తలుచుకున్నా కొలోసియం కంటే ముందు కళ్ళకి కట్టేది ఆ ఊరే. చక్రవర్తుల ఊరు కాదది. బస్తాలు మోసినవాళ్ళు, తాళ్ళు పేనినవాళ్ళు, పిండి విసిరినవాళ్ళు బతికిన ఊరు. వాళ్ళు కనబడాలంటే తల పైకెత్తి చూస్తే లాభం లేదు. నేల చూపులు చూడాలి.

ముందు దారి. మెట్రో బి లైన్‌లో పిరామిదే దగ్గర దిగితే పక్కనే పోర్తా సాన్ పావ్లో స్టేషన్. సముద్రం వైపు వెళ్ళే లోకల్ రైలు అక్కణ్ణుంచే బయల్దేరుతుంది. 1924లో తెరిచిన లైను అది. రోమా-లీదో అనడం మాకు అలవాటు, ఇప్పుడు మెట్రోమారె అని పేరు మార్చారు. మా రోజుల్లో ఒకటిన్నర యూరో టికెట్‌కి 100 నిమిషాల గడువు. మెట్రోలో కొట్టించిన టికెట్టే ఈ రైలుకీ చెల్లేది, నెల పాస్ ఉంటే ఆ ఖర్చూ లేదు. అరగంటలో చేరతాం. అందరూ తడబడేది పేరు దగ్గర. ఇప్పటి రోమ్‌వాళ్ళకి ఓస్తియా అంటే బీచి. మనం దిగాల్సింది 'ఆంతికా' అని తోక ఉన్న స్టేషన్‌లో. నిద్రమత్తులో అది దాటిపోతే లీదో నోర్ద్, లీదో చెంత్రో అంటూ సముద్రపు ఒడ్డు స్టేషన్లు మొదలవుతాయి, మళ్ళీ వెనక్కి రావాలి. స్టేషన్ బయట రోడ్డు మీద కాలినడక వంతెన ఉంటుంది, అదెక్కి తిన్నగా నడిస్తే కాసేపట్లో గేటు. ఇటలీలో రైళ్ళ సమ్మెలు తరచు శుక్రవారాలే పడతాయి కాబట్టి ఆ రోజు పెట్టుకుంటే ముందురోజే వాకబు చేసుకోవాలి.

సోమవారం మూత. నెలలో మొదటి ఆదివారం లోపలికి ఉచితం, జనం కూడా ఆ లెక్కనే ఉంటారు. స్టూడెంట్ కార్డు చూపిస్తే తగ్గిస్తారని మనవాళ్ళు ధీమాగా నిలబడతారుగానీ, ఆ రెండు యూరోల టికెట్ విద్యార్థులకి కాదు, 18 నుంచి 25 ఏళ్ళ లోపు యూరోపియన్ యూనియన్ పౌరులకి. చేతిలో ఇటలీ నివాస పత్రం ఉన్నా, పాస్‌పోర్టు మనదైతే పూర్తి టికెట్టే. ఆర్కియాలజీ, ఆర్కిటెక్చర్, కళాచరిత్ర లాంటివి అక్కడి యూనివర్సిటీలో చదివేవాళ్ళకి వేరే మినహాయింపు ఉంది, నమోదు పత్రం కాగితం వెంట ఉంచుకోవాలి.

తిండి సంగతి. లోపల మ్యూజియం దగ్గర ఒక కెఫెటీరియా ఉంది, ఉన్నదల్లా అదొక్కటే. నాలుగైదు గంటలు ఎండలో తిరిగే చోటికి పులిహోరను మించింది లేదు, సాయంత్రం దాకా పాడవదు, చల్లారినా తినొచ్చు. చింతపండు, ఆవాలు, ఎండుమిర్చి పియాజ్జా విత్తోరియో పక్కనున్న ఎస్క్విలినో మార్కెట్‌లో దొరుకుతాయని రోమ్‌లో కాలుపెట్టిన మొదటి వారంలోనే సీనియర్లు చెప్పేవాళ్ళు. టోపీ, మనిషికి లీటరున్నర నీళ్ళు, మడమ గట్టిగా పట్టే బూట్లు ఉండాలి. చెప్పులతో వస్తే మధ్యాహ్నానికి నడక మానేస్తారు. దారంతా నల్లటి లావా రాళ్ళ పరుపు. సందులు పెద్దవి, బండి చక్రాల గాళ్ళు లోతు. వాన పడితే రాయి మీద కాలు నిలవదు.

గేటు దాటగానే ఊరు రాదు, శ్మశానం వస్తుంది. ఊరి హద్దు లోపల శవాన్ని పూడ్చకూడదన్నది రోమన్ల కట్టుబాటు, అందుకే సమాధులన్నీ రోడ్డు వెంట బయటే. అవి దాటాక రోమ్ ద్వారం. అక్కణ్ణుంచి డెకుమానుస్ మాక్సిముస్ అనే పెద్దవీధి కిలోమీటరు పైనే సాగుతుంది, సముద్ర ద్వారం దాకా. సముద్ర ద్వారం అని పేరేగానీ సముద్రం ఇప్పుడు అక్కడ లేదు. టైబర్ నది తెచ్చి పోసిన ఒండ్రుతో ఒడ్డు మూడు కిలోమీటర్ల అవతలికి జరిగిపోయింది. నది కూడా మాట నిలుపుకోలేదు. 1557 వరదకి మెలిక తిరిగి వేరే దారి పట్టింది. వదిలేసిన పాయని స్థానికులు 'చచ్చిన నది' అని పిలిచేవారు.

పాంపేకి, దీనికి తేడా ఇక్కడే ఉంది. పాంపే క్రీ.శ. 79లో ఉన్నదున్నట్టు బూడిద కింద ఆగిపోయింది. ఓస్తియాని ఎవరూ ఒక్కరోజులో చంపలేదు. క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో కోటగా మొదలై, రోమ్‌కి గింజలు చేరవేసే రేవుగా బలిసి, క్లాడియస్ చక్రవర్తి క్రీ.శ. 42లో ఉత్తరాన కొత్త రేవు మొదలుపెట్టాక కూడా వందేళ్ళకి పైగా పెరుగుతూనే పోయింది. తర్వాత మెల్లగా ఖాళీ అయింది. మలేరియా, ఒండ్రు, సముద్రపు దొంగలు కలిసి మిగతా పని కానిచ్చారు. గోడలకున్న పాలరాతి పలకల్ని ఊడబెరికి బట్టీల్లో కాల్చి సున్నం చేసుకున్నారు. చుట్టుపక్కల చిత్తడి నేలల్ని ఎండగట్టడానికి రవెన్నా నుంచి కూలీలు రావాల్సి వచ్చింది, అదీ 1884లో. ఇప్పుడు మనం చూసే ఊళ్ళో సగానికి పైగా 1938 నుంచి 1942 లోపు హడావుడిగా తవ్వి తీసిందే. 1942లో రోమ్‌లో పెట్టాలనుకున్న ప్రపంచ ప్రదర్శన కోసం ఆ తొందర. యుద్ధం వచ్చి ప్రదర్శన జరగనే లేదు, తవ్వకం మాత్రం మిగిలింది. ఆ వేగంలో చివరి శతాబ్దాల పై పొరలు సరిగా రాసుకోకుండానే మట్టిలో కలిసిపోయాయి. చరిత్ర చదివేవాళ్ళకి ఆ బాధ ఇంకా ఉంది.

గోడని చూసి కాలం చెప్పడం ఓస్తియాలో పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు. టఫ్ అనే మెత్తటి అగ్నిపర్వతపు రాయిని పెద్ద పెద్ద దిమ్మలుగా సున్నం లేకుండా పేర్చి ఉంటే అది మొదటి కోట గోడ. చిన్న చదరపు రాళ్ళు ఏటవాలుగా, వల అల్లినట్టు కనిపిస్తే మొదటి చక్రవర్తి అగస్టస్ కాలం, ఆ చుట్టుపక్కల. మొత్తం ఎర్ర ఇటుకే అయితే రెండో శతాబ్దం, హాడ్రియన్ హయాం అనుకోవచ్చు. ఒక వరస ఇటుక, ఒక వరస రాయి కనిపిస్తే ఊరు దిగజారుతున్న కాలపు కట్టడం, మూడో శతాబ్దం తర్వాతది. ఇంకో కిటుకు. ఇటుక గోడ విరిగిన చోట పక్కనుంచి చూడండి. బయటికి పొడుగ్గా కనిపించే ఇటుక నిజానికి త్రికోణం. చదరపు ఇటుకని కోసి, మొన లోపలికి, వెడల్పు బయటికి పెట్టేవారు. నడుమ పోసిన కాంక్రీటు ఆ మొనల్ని కరిచి పట్టుకుంటుంది. అంటే బరువు మోసేది ఇటుక కాదు, లోపలి సున్నం, అగ్నిపర్వతపు మన్ను, రాతి ముక్కల ముద్ద. ఇటుక తొడుగు మాత్రమే. ఇటుకల మీద బట్టీ ముద్రలు ఉండేవి, కొన్నిటి మీద ఆ ఏటి కాన్సుల్‌ల (ఏటేటా మారే పెద్ద అధికారుల) పేర్లు కూడా. వాటి పుణ్యమా అని ఏ ఇటుక ఏ ఏటిదో తెలుస్తుంది. 123వ సంవత్సరపు ఇటుకలు తెగ బయటపడ్డాయి.

ఇక గడపలు. డెకుమానుస్‌కి రెండు పక్కలా వరసగా కొట్లే. గోడలు కూలిపోయిన చోట కూడా తెల్లటి ట్రావర్టీన్ రాతి గడప మిగిలే ఉంటుంది. వంగి చూస్తే గడప పొడవునా వేలు పట్టేంత గాడి కనబడుతుంది. ఒక చివర మాత్రం గాడి ఉండదు, అక్కడ రాయి చదునుగా చెక్కి, మూల ఒక గుండ్రటి గుంట తొలిచి ఉంటుంది. రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు చెక్క పలకల్ని ఆ చదును చోట గాడిలోకి ఎక్కించి ఒకదాని వెనక ఒకటి జరిపేవారు. ఆఖరికి మిగిలిన సందులో గుంట మీద తిరిగే చిన్న తలుపు వేసి గడియ పెట్టేవారు. మన పాత కిరాణా కొట్లకి నంబర్లు వేసిన పలకలుండేవి చూశారూ, అచ్చం అదే పద్ధతి. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఊరంతా చదవడం వచ్చేస్తుంది. గాడి ఉంటే కొట్టు. గాడి లేకుండా రెండు చివరలా గుంటలుంటే ఇంటి ద్వారం. సన్నటి గడప, వెంటనే పైకి మెట్లు ఉంటే మేడ మీద అద్దెకున్నవాళ్ళ దారి. కింద కొట్టు, పైన అద్దె గదులు, మెట్లు నేరుగా వీధిలోకి. ఇలాంటి మేడల్ని ఇన్సులా అంటారు. ఎత్తు మీద కూడా చట్టం ఉండేది, రోమ్‌లో అగస్టస్ 70 అడుగులకి మించకూడదన్నాడు, ట్రాజన్ దాన్ని 60 చేశాడు. కూలడాలు, కాలడాలు ఎక్కువై పెట్టిన చట్టాలు. ఓస్తియాలో నిప్పు చూసుకోవడానికి రోమ్ నుంచి దళం వంతులవారీగా వచ్చేది, వాళ్ళ బారకాసు పెద్దవీధికి కుడివైపు వెనక సందులో ఉంది.

బారకాసుకి ముందే నెప్ట్యూన్ స్నానశాల వస్తుంది. లోపలికి దిగనివ్వరు, పక్కనే చిన్న డాబా మెట్లెక్కి పైనుంచి చూడాలి. సముద్ర దేవుడు నాలుగు నీటి గుర్రాల్ని తోలుకెళ్తుంటాడు, చుట్టూ చేపలు, ఈతగాళ్ళు. అంతా నలుపు తెలుపు రాతి ముక్కలే. ఈ స్నానశాల 139లో, ఆంటోనినస్ పియస్ కాలంలో పూర్తయింది. ఆయన రాణి ఫౌస్టీనా బొమ్మ ఉన్న బంగారు నాణెం మన నాగార్జునకొండ తవ్వకాల్లో దొరికింది. ఆ డాబా మీద నిలబడ్డ తెలుగువాళ్ళకి ఆ సంగతి గుర్తొస్తే కాలి కింద దూరం కాస్త తగ్గుతుంది.

తర్వాతది నాటకశాల. అగస్టస్ అల్లుడు అగ్రిప్పా కట్టించింది, రెండో శతాబ్దం చివర పెంచారు, నాలుగు వేలమంది పట్టేది. మెట్లు చాలామటుకు ఇరవయ్యో శతాబ్దంలో పునరుద్ధరించినవే, వేసవిలో ఇప్పటికీ ప్రదర్శనలు జరుగుతాయి. పులిహోర డబ్బా తెరవడానికి పైవరస మంచి చోటు, గాలి వస్తుంది. నాగార్జునకొండలో ఇక్ష్వాకులు కట్టిన మెట్ల రంగశాలని జలాశయం కింద మునగకుండా అనుపులో తిరిగి కట్టారు కదా, దాన్ని చూసినవాళ్ళు అదెంత చిన్నదో ఇక్కడ కొలుచుకుంటారు.

పైవరస నుంచి వేదిక వెనక్కి చూస్తే వర్తక సంఘాల చౌకం కనిపిస్తుంది. ఓస్తియాలో ఒక్కచోటే చూసే తీరిక ఉంటే ఇదే చూడాలి. నడుమ ఒక గుడి, చుట్టూ మూడు వైపులా అరవై దాకా చిన్న గదులు, ప్రతి గది ముందు నేల మీద ఒక బొమ్మ. ఆఫీసులు అన్నారు కొందరు, వట్టి ప్రకటనలన్నారు ఇంకొందరు. ఏదైనా, రాసింది చదువుకోవచ్చు. సార్డీనియాలోని కరాలిస్ ఓడ వ్యాపారులు, గాల్ దేశపు (ఇప్పటి ఫ్రాన్స్) నార్బో ఓడలవాళ్ళు, కార్తేజీవాళ్ళు. ఏనుగు బొమ్మ ఉన్నది లిబియాలోని సబ్రాతావాళ్ళది. తాళ్ళు, జనపపీచు అమ్మేవాళ్ళ సంఘానికీ ఒక గది. తోలువాళ్ళకీ. ఒక బొమ్మలో పెద్ద ఓడ నుంచి చిన్న పడవలోకి ఒక మనిషి జాడీ భుజాన పెట్టుకుని నడుస్తుంటాడు. అసలు ఓస్తియా చేసిన పనంతా అదే. పెద్ద ఓడ నదిలోకి రాలేదు. సరుకు ఇక్కడ దించి, పడవల్లోకి మార్చి, ఎదురు ప్రవాహంలో రోమ్ దాకా లాగాలి.

ఆ ఓడ బొమ్మల్లో తెరచాప కొయ్యలు రెండున్నవి గమనించండి. ఇవి రెండో శతాబ్దం చివరివి. దాదాపు అదే కాలంలో యజ్ఞశ్రీ శాతకర్ణి అచ్చొత్తించిన సీసపు నాణేల మీద కూడా రెండు కొయ్యల ఓడ ఉంది, అవి మన తూర్పు తీరంలో దొరికాయి. మసాలియా అని గ్రీకు నావికుడు రాసుకున్న కృష్ణా తీరం నుంచి సన్నటి నేత బట్టలు పోయేవి. ఆ బట్ట ఓస్తియా గదుల్లో ఎక్కడా రాయలేదు, ఇవి మధ్యధరా ఓడలవాళ్ళ గదులు. తూర్పు సరుకు ఎర్రసముద్రం దాటి అలెగ్జాండ్రియాలో చేతులు మారి వచ్చేది. కాబట్టి మనవాళ్ళ ఓడ ఇక్కడిదాకా వచ్చిందని ఊహించుకోనక్కర్లేదు. వాళ్ళూ వీళ్ళూ ఒకే గొలుసుకి రెండు కొసలు, అంతవరకే.

చౌకం నుంచి ఊరి నడిబొడ్డున ఉన్న ఫోరం వైపు నడిస్తే డయానా వీధి. మధ్యాహ్నమంతా ఇక్కడే గడిపినా తప్పులేదు. మొదట తిరగళ్ళు. గంట ఆకారంలో కింది రాయి, దాని మీద ఇసుక గడియారంలా నడుము సన్నబడ్డ పై రాయి, నడుముకి రెండు పక్కలా చెక్క దూలాలు దూర్చే కన్నాలు. గింజలు పైనుంచి పోస్తే పిండి కింద చుట్టూ రాలుతుంది. కంచరగాడిదలు చుట్టూ తిరిగేవి. నేల చూడండి, మిగతా గదుల్లోలా మెత్తటి చపటా కాదు, వీధికి పరిచే నల్లరాయే. డెక్కలకి మామూలు నేల ఆగదు మరి. ఆ పక్కన కల్లు పాక లాంటి పూటకూళ్ళ కొట్టు. పాలరాతి గట్టు, కింద గిన్నెలు కడిగే తొట్టి, వెనక మెట్లు మెట్లుగా గిన్నెల అరలు, గోడ మీద ఏం దొరుకుతుందో చెప్పే తిండి బొమ్మ, వెనక చిన్న తోటలో కూర్చోడానికి రాతి బల్ల. పెద్దవీధిలో ఫోర్టునాటుస్ అనే ఇంకో కొట్లవాడు తన పేరూ, దాహమేస్తే ద్రాక్షసారా తాగమనే పిలుపూ నేల మీదే రాతి ముక్కలతో పొదిగించాడు.

ఫోరం పక్కన మరుగుదొడ్డి దగ్గర ఫొటోల కోసం ఎప్పుడూ వరస ఉంటుంది. అందరూ పాలరాతి సీట్ల మీద కూర్చుంటారు. గడప ఎవరూ చూడరు. నడుమ ఒకటే గుంట ఉంటుంది, గిర్రున తిరిగే తలుపు గుర్తు అది. ఫోరంలోని కాపిటోలియం గుడి ఎత్తుగా ఉండబట్టి ఊరంతా పూడిపోయినా ఇది తేలే ఉంది. ఎక్కి చూసి దిగేయొచ్చు, లోపల ఏమీ లేదు.

ఓపిక ఉన్నవాళ్ళు మాత్రం ఫోరం దాటి కుడివైపు వీధిలో గింజలు కొలిచేవాళ్ళ సంఘం హాలు వెతకాలి. నేల మీద బొమ్మలో మధ్యన ఒక కొలపాత్ర, మోడియుస్ అంటారు, దాదాపు 8.7 లీటర్లు. కొలిచేవాడి చేతిలో పుల్ల, పాత్ర మీద గింజని చదును చెయ్యడానికి. బస్తా మోసుకొస్తున్న కూలీ ఒకడు. లెక్క తప్పకుండా పుల్లలు పట్టుకుని ఒక పిల్లాడు. కుంచంతో ధాన్యం కొలవడం చూసిన ఇంట్లో పుట్టినవాళ్ళకి ఈ బొమ్మ వివరించక్కర్లేదు. మ్యాపులో ఇల్లు దొరక్కపోతే అంకెలు చూడండి: తవ్వినవాళ్ళు ఊరిని ఐదు వార్డులుగా విడగొట్టి, వార్డు, బ్లాకు, ఇల్లు వరసన రోమన్ అంకెలతో కలిపి నంబరిచ్చారు. పేర్లు పుస్తకానికో రకంగా ఉంటాయి, నంబరు మారదు.

గిడ్డంగుల్లో నేల కింద వరసగా పొట్టి గోడలు, వాటి మీద తేల్చి వేసిన గచ్చు. కింద గాలి ఆడకపోతే చెమ్మకి గింజ వేడెక్కి ముక్కిపోతుంది. ద్రాక్షసారా, నూనె ఉంచిన చోట నేలలో మెడ దాకా పాతిన పెద్ద బానలు, ఒకేచోట 35. ఒక్కోటి సుమారు వెయ్యి లీటర్లు పడుతుంది, అంచుల మీద ఎంత పడుతుందో అంకెలు చెక్కి ఉన్నాయి.

అందరూ చేసే తప్పు వేళ విషయంలో. పదకొండింటికి వచ్చి, నాటకశాల దగ్గర అలిసి, రెండింటికి వెళ్ళిపోతారు. గేటు తెరిచే వేళకి వస్తే డెకుమానుస్‌లో పడమటికి నడిచినంతసేపూ ఎండ వీపున పడుతుంది, తిరిగొచ్చేటప్పుడూ అంతే. నేల బొమ్మల్లో కొన్ని చలికాలంలో ఇసుకా, గుడ్డా కప్పి ఉంటాయి. మంచు, గడ్డివేళ్ళు రాతి ముక్కల్ని లేపేస్తాయని. అందుకని ఏప్రిల్, మే లేదా అక్టోబరు. జులైలో నీడ గొడుగు పైన్ చెట్ల కిందే, అక్కడ దోమలు మనకంటే ముందే ఉంటాయి. పశ్చిమాన సముద్ర ద్వారం అవతలి యూదుల ప్రార్థనాలయం దాకా చాలామంది వెళ్ళరు. 1961లో ఫ్యూమిచీనో విమానాశ్రయానికి రోడ్డు వేస్తుంటే బయటపడింది అది, దూలాల మీద ఏడు కొమ్మల దీపం చెక్కి ఉంటుంది.

బయటికొచ్చాక రైలుకి టైముంటే ఎదురుగా కోట పక్కన చిన్న పల్లె ఉంది. సెయింట్ అగస్టీన్ తల్లి మోనికా 387లో ఓస్తియాలోనే పోయింది. ఆమె సమాధి శాసనం ముక్క 1945లో గుంట తవ్వుతున్న పిల్లలకి దొరికింది, ఇప్పుడు ఆ పల్లె చర్చిలో ఉంది.

ఒకే రోజులో పోర్తుస్ కూడా చూసేద్దామని మాత్రం పెట్టుకోవద్దు. క్లాడియస్, ట్రాజన్‌ల ఆ రేవు నది అవతల, విమానాశ్రయం వైపు ఉంది, దారి వేరు, దానికి ఇంకో పూట కావాలి. ట్రాజన్ తవ్వించిన ఆరు పలకల కొలను ఇప్పటికీ నీళ్ళతో నిండే ఉంది, ఒక్కో పక్క 350 మీటర్లకి పైనే. విమానం ఫ్యూమిచీనోలో దిగే దిక్కు కలిసొచ్చి, కిటికీ సీటు దొరికితే, దాన్ని టికెట్ లేకుండానే చూడొచ్చు.